నీకు ఒక్కదానికే కాదమ్మా

(పి.సి.ఓ.ఎస్. అవగాహన మాసంగా పాటించే సెప్టెంబరు నెలలో, స్త్రీల వైద్య విభాగానికి వచ్చే రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన సమావేశంలో ఆ విభాగం సీనియర్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది మీ అమ్మాయినో, కోడలినో, భార్యనో వెంటబెట్టుకుని వచ్చారు. చీటీ మీద పి.సి.ఓ.ఎస్. అని రాసి ఉంటుంది. మన ఊళ్ళలో దీన్నే "అండాశయంలో నీటి బుడగలు" అంటున్నారు. ఆ మాట వినగానే మీ మనసులో వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "పిల్లలు పుడతారా?" అని. దానికి జవాబు తప్పకుండా చెబుతాను. అయితే అంతకు ముందు మరో సంగతి చెప్పాలి.

మందుల గురించి డాక్టరుగారు చెబుతారు. ఈ విభాగంలో 20 ఏళ్ళకు పైగా పనిచేసిన నర్సుగా నేను మందుల చీటీలో రాయని సంగతి చెబుతాను. ఇది వారం రోజులు మందు వేస్తే తగ్గిపోయే జ్వరం కాదు. ఏళ్ళ తరబడి దీనితో బతకాలి. అలా బతకాల్సిన ఆడపిల్లకు మందుతోపాటు మనుషుల తోడు కావాలి. ఆ తోడు ఇవ్వగలిగినవారు ఇద్దరే. ఒకరు ఇంట్లోవాళ్ళు, అంటే మీరు. రెండోవారు, అదే సమస్యతో బతుకుతున్న తోటి స్త్రీలు.

బెంచీ మీద జరిగిన సంగతి

కొన్నేళ్ళ కిందటి మాట. పేరు, ఊరు చెప్పను. 19 ఏళ్ళ అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తల్లి మిరప కోతలకు వెళ్ళే మనిషి. ఆ రోజు కూలి వదులుకుని కూతుర్ని తీసుకువచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. అయినా ఆ పిల్ల చున్నీని గడ్డం చుట్టూ బిగించి కూర్చుంది. పేరు పిలిచినా తల ఎత్తలేదు. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు వచ్చాయి. "బస్సులో ఎవరో నవ్వారంట సిస్టర్. రెండు నెలల నుంచి కాలేజీకి పోవడం లేదు" అని తల్లి చెప్పింది.

వాళ్ళు డాక్టరుకు చూపించుకోవడం అదే మొదటిసారి కాదు. అంతకు ఆరు నెలల ముందు మరో చోట మాత్రలు రాసిచ్చారు. అవి గర్భం రాకుండా వాడే మాత్రలని ఎవరో చెప్పారు. పెళ్ళికాని పిల్లకు ఈ మాత్రలేమిటని తల్లి వాటిని పొయ్యిలో పడేసింది. కూతుర్ని అనరాని మాటలు కూడా అంది. ఆ రోజు నుంచి తల్లీకూతుళ్ళ మధ్య సరిగా మాటల్లేవు. ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆ మాత్ర ఎందుకు ఇచ్చారో ఆమెకు ఎవరూ వివరంగా చెప్పలేదు.

అదే బెంచీ మీద 30 దాటిన ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. షుగరు పరీక్ష కోసం వచ్చింది. ఆమె కాసేపు చూసి, మెల్లగా ఆ పిల్ల పక్కకు జరిగి ఇలా అంది: "చున్నీ తీసెయ్ అమ్మా, ఉక్కపోస్తుంది. నేను కూడా పదిహేను రోజులకోసారి గడ్డం మీద వెంట్రుకలు తీయించుకుంటాను. నీకు ఒక్కదానికే కాదమ్మా."

ఆ పిల్ల అప్పుడు తల ఎత్తింది. ఆమె ముఖంలోకి చూసి ఏడ్చేసింది. "ఇది చాలామందికి ఉంటుంది, భయపడకు" అని నేను కూడా పది నిమిషాల ముందు చెప్పాను. నా మాటకు తల ఎత్తలేదు. నేను నర్సుగా చెప్పాను, ఆమె పడినదాన్ని చెప్పింది. తోటివారి తోడు అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

అసలు ఈ సమస్య ఏమిటి?

పి.సి.ఓ.ఎస్. అంటే పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. 1935లో అమెరికాలోని షికాగో నగరానికి చెందిన స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలను పరీక్షించి దీని గురించి రాశారు. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. అంటే 60 మంది ఆడపిల్లలు ఉన్న తరగతిలో ఐదారుగురికి ఉండవచ్చు. వారిలో ఎక్కువమందికి తమకు ఈ సమస్య ఉన్నట్టే తెలియదు. ప్రతి ఒక్కరూ తనకు ఒక్కదానికే అనుకుంటారు.

ఆడవారి శరీరంలో కూడా పురుష హార్మోనులు కొద్ది మోతాదులో ఉంటాయి. ఈ సమస్యలో అవి కొంచెం ఎక్కువవుతాయి. అందువల్ల ముఖం మీద, ఛాతీ మీద వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. తలమీద జుట్టు పలచబడవచ్చు. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుకని శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల పురుష హార్మోనులు మరింత పెరుగుతాయి. మెడ వెనుక, చంకల్లో నల్లని మందపాటి చర్మం కనిపించేది అందుకే. అది మురికి కాదు, రుద్దితే పోదు.

అండం నెలనెలా పక్వం చెంది విడుదల కావాలి. ఇక్కడ అది మధ్యలోనే ఆగిపోతుంది. అలా ఎదగకుండా ఆగిన చిన్న చిన్న అండకోశాలే స్కానింగులో నీటి బుడగల్లా కనిపిస్తాయి. అవి గడ్డలు కావు, క్యాన్సర్ కాదు. వాటిని కోసి తీసేయాల్సిన పని లేదు.

2003లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ నగరంలో సమావేశమైన నిపుణులు దీన్ని గుర్తించే పద్ధతి చెప్పారు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోను ఎక్కువైన గుర్తులు, స్కానింగులో కనిపించే మార్పు అనే ఈ మూడింటిలో రెండు ఉండాలి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని కూడా చూసుకోవాలి. 2023లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రజస్వల అయిన తర్వాత 8 ఏళ్ళ లోపు ఉన్న అమ్మాయిలలో స్కానింగు చూసి ఈ సమస్య అని తేల్చకూడదు. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల అండాశయాలు కూడా అలాగే కనిపించవచ్చు.

ఇది ఎవరి తప్పు వల్ల వచ్చింది కాదు. కుటుంబంలో వంశపారంపర్యంగా ఉండే అవకాశం ఉంది. తల్లికో, అక్కకో ఉంటే చెల్లెలికి వచ్చే అవకాశం ఎక్కువ. లావుగా ఉన్నవారికే వస్తుందన్నది కూడా నిజం కాదు. సన్నగా ఉన్న అమ్మాయిలను కూడా మేము ఇక్కడ రోజూ చూస్తున్నాం.

మనసుకు తగిలే దెబ్బ

ఈ సమస్యలో బయటికి కనిపించే ప్రతి గుర్తూ మన సమాజం ఆడపిల్లను తూకం వేసే చోటనే వస్తుంది. ముఖం, జుట్టు, బరువు, నెలసరి, సంతానం. పెళ్ళిచూపుల్లో చూసేది ముఖాన్ని. పేరంటంలో అడిగేది పిల్లల గురించి. అందుకే ఆ పిల్ల దాచుకుంటుంది. దాచుకునే కొద్దీ ఒంటరిదవుతుంది.

ఈ సమస్య ఉన్న స్త్రీలలో దిగులు, ఆందోళన మిగతా స్త్రీల కంటే ఎక్కువగా ఉంటాయని తేలింది. అందుకే జబ్బు నిర్ధారణ అయినప్పుడే మనసు పరిస్థితిని కూడా అడిగి తెలుసుకోవాలని 2023 మార్గదర్శకాలు డాక్టర్లకు చెబుతున్నాయి. కాబట్టి మీ అమ్మాయి మౌనంగా ఉంటే, చిరాకు పడితే, గదిలోనుంచి బయటికి రాకపోతే "పొగరు" అనకండి. అది కూడా ఈ సమస్యలో భాగమేనని గ్రహించండి.

ఇంట్లో తోడు ఎలా ఉండాలి?

మీరు డబ్బు ఖర్చుపెట్టకుండానే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

1. ఒకే వంట చేసుకోండి. అందరికీ పులిహోర, ఆమెకు మాత్రం ఉప్పులేని ఓట్సు పెడితే అది వైద్యం కాదు, శిక్ష. ఈ సమస్యకు ఫలానా ఆహారమే మంచిదని ఎక్కడా రుజువు కాలేదు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు పెంచితే చాలు. వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టో, రాగి సంకటో చేసుకోండి. గుడ్డు, చేప తినేవాళ్ళు తినండి. కూల్‌డ్రింకులు, స్వీట్లు, బేకరీ సరుకు ఇంటికి తేవడం తగ్గించండి. ఇంట్లో షుగరు, బి.పి. ఉన్న పెద్దవారికి కూడా ఇదే మంచిది.

2. ఆమెతో కలిసి నడవండి. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. "వెళ్ళి నడువు" అని పంపితే ఆమె నాలుగు రోజులకు మానేస్తుంది. మా దగ్గరకు వచ్చే ఒక తండ్రి లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజుల్లో తెల్లవారి కూతురితోపాటు చెరువు కట్ట దాకా నడుస్తాడు. దారిలో జబ్బు సంగతి ఎత్తడు. ఆ అమ్మాయి ఇప్పటిదాకా మానలేదు.

3. బరువు గురించి మాటలు అనకండి. ఎక్కువ బరువు ఉన్నవారు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి మెరుగుపడే అవకాశం ఉంది. 70 కిలోలు ఉన్నవారికి అది మూడున్నర నుంచి 7 కిలోలు మాత్రమే. అయితే ఈ సమస్యలో బరువు తగ్గడం మామూలు కంటే కష్టం. పక్కింటి అమ్మాయితో పోల్చితే బరువు తగ్గదు, తిండి దాచుకుని తినడం మొదలవుతుంది.

4. చుట్టాల ముందు కాపాడండి. "ఇంకా ఏమీ విశేషం లేదా?" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది ఆమె కాదు. అత్తగారో, భర్తో కల్పించుకుని "అది మేము చూసుకుంటాంలే వదినా" అంటే చాలు. ఆ ఒక్క మాట ఆమెకు ఎంత బలమో మీకు తెలియదు.

5. డాక్టరు దగ్గరకు తోడు రండి, కానీ ఆమె బదులు మాట్లాడకండి. కాసేపు ఆమెను ఒంటరిగా డాక్టరుగారితో మాట్లాడనివ్వండి.

తోటివారి తోడు

ఇంట్లోవాళ్ళు ఎంత ప్రేమగా చూసినా కొన్ని మాటలు ఇంట్లో చెప్పుకోలేరు. వెంట్రుకలు దేనితో తీస్తే దద్దుర్లు రావు? కొత్త ఊళ్ళో హాస్టల్లో మాత్ర ఎలా వేసుకోవాలి? భర్త దగ్గర సిగ్గుగా ఉంటే ఏం చేయాలి? ఇవి అడగడానికి అదే దారిలో నడిచిన మనిషి కావాలి.

ఆ టీచరమ్మ, ఆ డిగ్రీ అమ్మాయి, మరో నలుగురు కలిసి నెలకోసారి, రెండో శనివారం మా ఔట్ పేషెంటు విభాగం వెనుక బాదం చెట్టు కింద కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరు పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేని ఆమె. ఒకరు టైలరు. ఒకరు 45 ఏళ్ళ ఆమె, అప్పటికే షుగరు వచ్చింది. ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడతారు. మిగతావారు వింటారు. అడిగితేనే సలహా చెబుతారు. తర్వాత అరగంట అందరూ కలిసి నడుస్తారు. అంతే. దీనికి భవనం అక్కరలేదు, చందా అక్కరలేదు.

మన ఆడవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. 10 నుంచి 15 మంది కలిసి డ్వాక్రా సంఘాలు నడుపుకున్నారు. అప్పు తీర్చలేని మనిషిని వెంట ఉండి లేవనెత్తారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా గురించి ఆడవాళ్ళు ఎవరింట్లో వారు ఏడవడం మాని ఒకచోట చేరి మాట్లాడుకున్నారు. అక్కడ మొదలైన ఉద్యమం పెద్దదై 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. అదే పని ఆరోగ్యం విషయంలో కూడా చేయవచ్చు.

మేము చేసిన తప్పులు, నేర్చుకున్న కట్టుబాట్లు

అంతా సవ్యంగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. రెండు తప్పులు జరిగాయి.

మొదటిది. ఒకామె ఎక్కడినుంచో ఒక పొడి తెచ్చింది. మూడు నెలల్లో నీటి బుడగలు కరిగిపోతాయని అమ్మినవాడు చెప్పాడట. డబ్బా 1,200 రూపాయలు. ముగ్గురు కొన్నారు, డాక్టరుగారు రాసిన మాత్రలు ఆపేశారు. నెలసరి మళ్ళీ ఆగిపోయింది. షుగరు ఉన్న ఆమెకు షుగరు బాగా పెరిగింది. ఆ డబ్బా నేను చూశాను. వెంటనే వద్దని గట్టిగా చెప్పి ఉండాల్సింది. మొహమాటపడ్డాను. ఆ తప్పు నాది.

రెండోది ఇంకా పెద్దది. పిల్లలు లేని ఆమె అక్కడ చెప్పుకున్న మాట ఎలాగో ఆమె అత్తగారి చెవిన పడింది. తర్వాత ఆమె రాలేదు. నేను రెండుసార్లు ఫోను చేశాను, తీయలేదు. ఇప్పటికీ రెండో శనివారం వచ్చిందంటే ఆమె కూర్చునే చోటు నాకు కనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీ ఊళ్ళోనో, కాలేజీలోనో ఇలా కూర్చోవాలనుకునేవారు కూడా ఇవి పాటించండి.

ఒకటి, ఇక్కడ విన్న మాట ఇక్కడే ఉండాలి. భర్తకు కూడా చెప్పకూడదు.

రెండు, ఒకరి మాత్ర మరొకరు వేసుకోకూడదు. ఒకే జబ్బు పేరు ఉన్నా ఒకే మందు పనికిరాదు. బి.పి. ఉన్నవారికి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి, కొన్ని రకాల పార్శ్వనొప్పి ఉన్నవారికి కొన్ని హార్మోను మాత్రలు ప్రమాదం.

మూడు, పొడులు, కషాయాలు, సెల్‌ఫోనులో చూసిన మందులు ఇక్కడ అమ్మకూడదు, కొనకూడదు.

నాలుగు, బరువు తూచడం, ఒకరితో ఒకరు పోల్చుకోవడం చేయకూడదు. ఎవరికైనా గర్భం వస్తే అందరం సంతోషిస్తాం. కానీ ఇంకా రానివారు ఆ రోజు లేచి వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనుకోకూడదు.

ఆలస్యం చేయకూడని సమయాలు

తోటివారి తోడు వైద్యానికి బదులు కాదు. ఈ కింది సందర్భాలలో వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే తీసుకురండి. చాలాకాలం నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందంగా పెరుగుతుంది. పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే ఆ పొరకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇది చాలా కొద్దిమందికే వస్తుంది, మందులతో ముందే నివారించవచ్చు.

నెలసరి వచ్చాక రక్తస్రావం ఆగకుండా ఎక్కువగా పోతున్నా తీసుకురండి. కొద్ది వారాలలోనే గొంతు బొంగురుపోయి వెంట్రుకలు వేగంగా పెరిగినా చూపించాలి. అది వేరే కారణం కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది, "నేను బతకడం ఎందుకు" అనే మాట ఆమె నోటి నుంచి వస్తే దాన్ని తేలికగా తీసుకోకండి. మా సమావేశంలో ఒకసారి ఒక పిల్ల ఆ మాట నవ్వుతూ అంది. టైలరు అక్క ఒక్కతే అది నవ్వు కాదని గుర్తుపట్టి, ఆ పిల్లను చేయి పట్టుకుని నా దగ్గరకు తీసుకువచ్చింది. ఆ రోజే మానసిక వైద్యునికి చూపించాం. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. రాత్రివేళ ఇలాంటి పరిస్థితి వస్తే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. ఆమెను మాత్రం ఒంటరిగా వదలకండి.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు పుడతారా?

ఎక్కువమందికి పుడతారు. కొందరికి మందులు లేకుండానే గర్భం వస్తుంది. అండం విడుదల కానివారికి ముందుగా లెట్రోజోల్ వంటి మాత్రలు ఇస్తారు. ఆలస్యమైతే భార్యకే కాదు, భర్తకు కూడా పరీక్షలు చేయించాలి. గర్భం వచ్చాక షుగరు, బి.పి. పరీక్షలు తొందరగా చేయించుకోవాలి. ఈ స్త్రీలలో అవి పెరిగే అవకాశం ఎక్కువ.

పెళ్ళికాని పిల్లకు గర్భనిరోధక మాత్రలు ఎందుకు?

ఆ మాత్రలో ఉన్నది హార్మోనులు. ఇక్కడ వాటిని నెలసరి సరిచేయడానికి, గర్భాశయం పొరను కాపాడడానికి, వెంట్రుకలు, మొటిమలు తగ్గించడానికి ఇస్తారు. వీటివల్ల తర్వాత పిల్లలు పుట్టకుండా పోరు. వెంట్రుకల్లో మార్పు కనిపించడానికి ఆరు నెలలు, అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. ఓపిక పట్టాలి.

పెళ్ళి చేస్తే తగ్గిపోతుందా?

తగ్గదు. పెళ్ళి మందు కాదు. చదువు మాన్పించి తొందరపడి పెళ్ళి చేస్తే ఆ పిల్ల కొత్త ఇంట్లో మరింత ఒంటరిదవుతుంది.

పెళ్ళి సంబంధం వాళ్ళకు చెప్పాలా?

ఇది ఆమె ఆరోగ్యం. ఆమెను అడగకుండా మీరు చెప్పకండి, ఆమెను బలవంతపెట్టి దాచమనకండి. అత్తగారింట్లో మాత్రలు దాచుకుని వేసుకున్నవారి కష్టం నేను చూశాను. ఆమె ఒప్పుకుంటే, చేసుకోబోయే అబ్బాయిని డాక్టరుగారి దగ్గరకు తీసుకువచ్చి వివరంగా చెప్పించడం మంచిది.

పూర్తిగా నయమవుతుందా?

పూర్తిగా తుడిచేసే మందు ఇంకా లేదు. కానీ బీ.పీ.ని, షుగరును అదుపులో పెట్టుకున్నట్టే దీన్నీ అదుపులో పెట్టుకోవచ్చు. నెలసరి సరిగా వస్తున్నా షుగరు, బి.పి., కొలెస్టరాల్ పరీక్షలు డాక్టరుగారు చెప్పిన గడువు ప్రకారం చేయించుకుంటూ ఉండాలి.

చివరగా ఒక మాట

ఆ మిరప కోతల తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. మాత్ర ఎందుకో డాక్టరుగారు వివరించాక ఆమె ఇంటికి వెళ్ళి గోడ మీద బొగ్గుతో గీతలు గీయడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు రాదు. కూతురు మాత్ర వేసుకున్న రోజుకు ఒక గీత. నెలసరి వచ్చిన రోజుకు ఒక సున్నా. తర్వాతిసారి వచ్చినప్పుడు డాక్టరుగారు తేదీలు అడిగితే కూతురు తడుముకుంది. తల్లి మాత్రం వేళ్ళు లెక్కపెట్టి సరిగ్గా చెప్పింది. ఆ పిల్ల తల్లి వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పటికీ గడ్డం మీద వెంట్రుకలు కొంచెం వస్తాయి, తీయించుకుంటుంది. రెండో శనివారం వీలైనప్పుడల్లా వస్తుంది. కొత్తగా వచ్చి తల దించుకుని కూర్చున్న పిల్ల కనిపిస్తే తానే లేచి వెళ్ళి పక్కన కూర్చుంటుంది.

ఇంటికి వెళ్ళాక ఈ రాత్రి భోజనాల దగ్గర మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. "నెలసరి వచ్చిందా, బరువు తగ్గావా" అని కాదు. "నీకు ఎలా ఉందమ్మా?" అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి. ఆమె మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఆపకండి. వచ్చే రెండో శనివారం వీలైతే ఆమెను ఆ బాదం చెట్టు దగ్గరకు పంపండి. మీరు బయట బెంచీ మీద కూర్చోవచ్చు. అక్కడ మరో తల్లి, మరో తండ్రి మీలాగే కూర్చుని ఉంటారు. వారితో మాట్లాడండి. తోడు మీకు కూడా కావాలి.